నెత్తిమీద ఒట్టు, సంచిలో ఆవిరి

మీ పిల్లల చెయ్యి మీ నెత్తిమీద పెట్టించుకుని "ఇంకెప్పుడూ ముట్టను" అని ఒట్టు వేయించుకున్నారా? మొహం తిప్పుకోకండి. వేయించుకునే ఉంటారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయి కూడా ఉంటారు. ఆ తర్వాత ఆ పిల్లలు ఏమయ్యారో మీకు తెలియదు. నాకు కొంత తెలుసు. వాళ్లలో కొందరు వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చునేవాళ్లు. వచ్చినవాళ్లతో పేచీ లేదు. రానివాళ్లే నన్ను ఇప్పటికీ వదలరు.

చంద్రపూర్‌లో ఒక ఆసుపత్రిలో పొగాకు మాన్పించే కౌన్సెలర్‌గా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. మాది రాజురా దాటాక మరాఠీ, తెలుగు కలిసే సరిహద్దులో ఒక పల్లె. బడిలో చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు ఇంట్లో నాన్న నేర్పాడు, వాదించడమూ ఆయనే నేర్పాడు. మా ఇంట్లో ఏ మాటకైనా "ఎందుకు?" అని అడిగే హక్కు చిన్నపిల్లకు కూడా ఉండేది. ఆ హక్కు పట్టుకునే ఉద్యోగంలో చేరాను. దిగేటప్పటికి గొంతు అరిగిపోయింది. ఒకే మాట ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ, ఎదుటివాళ్లు తలూపి వెళ్లిపోవడం చూసినవాళ్లకు వచ్చే అలసట ఒకటుంటుంది. పెన్షన్‌తో అది తీరదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు, ఇంట్లో పిల్లలున్న పెద్దలకు ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

నా గది దంతవైద్య విభాగం పక్కన, మెట్ల కింద. మొదట్లో వచ్చేవాళ్లంతా ఖర్రా తినేవాళ్లు. వక్క, సున్నం, పొగాకు ప్లాస్టిక్ కాగితంలో వేసి రుద్ది బుగ్గన పెట్టుకునే ఖర్రా మా జిల్లాలో ఎంత మామూలో బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. ఊరి పక్కనే ఉన్న దుర్గాపూర్ గనుల నుంచి, మాజ్రి వైపు లారీల నుంచి దిగి వచ్చేవాళ్లు. నోరు తెరవమంటే రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకునేది కాదు.

తర్వాత కొత్తవాళ్లు మొదలయ్యారు. ఇరవై దాటీ దాటని వాళ్లు. పళ్లు తెల్లగా ఉంటాయి, బట్టలు శుభ్రంగా ఉంటాయి, పక్కనుంచి వెళ్తే మామిడిపండో పుదీనానో వాసన. జేబులో పెన్‌డ్రైవ్ లాంటి చిన్న గొట్టం. వేప్ అంటారు. ఇళ్లలో పెద్దవాళ్లు దాన్ని చూసి రంగు పెన్ను అనుకుంటారు. ఒక తండ్రి అయితే "పొగ కాదు మేడం, ఆవిరే కదా, జలుబుకు మంచిదేమో" అని నన్నే అడిగాడు. దేశంలో దాన్ని అమ్మడం నిషేధం. చట్టానికి ఆ సంగతి తెలుసు, పార్సిల్ తెచ్చే కుర్రాడికి తెలియదు. ఫోన్‌లో అడిగితే నాగపూర్ నుంచి ఇంటి గుమ్మానికి వస్తుంది.

మా విభాగం పెద్ద ఒక దంతవైద్యుడు. అందరం డాక్టర్ సాహెబ్ అనేవాళ్లం. ఆయన మాట్లాడేది మరాఠీ, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మంచి మనిషి. నోరు తెరుచుకోని గని కార్మికుడి దవడ పట్టుకున్నప్పుడు ఆయన చేతిలో ఉండే మెత్తదనం నేను మరే వైద్యుడిలోనూ చూడలేదు. కానీ ఆయనకొక పిచ్చి ఉండేది, ప్రతిజ్ఞల పిచ్చి. ఆసుపత్రి ఆవరణలో షామియానా వేయించి, కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి, చేయి ముందుకు చాపించి "శపథ్" చెప్పించేవాడు. పిల్లలు తమ దగ్గరున్నవి వేదిక మీది పెట్టెలో పడెయ్యాలి. ఫోటోలు పై అధికారులకు పంపాలి.

టీ తాగే వేళ మా ఇద్దరికీ రోజూ ఇదే గొడవ.

"ప్రతిజ్ఞ చేసినవాడు జారితే ఏం చేస్తాడు సాహెబ్?" అనేదాన్ని.

"జారకుండా ఉండటానికే కదా ప్రతిజ్ఞ."

"జారనివాడికి నేనెందుకు, మీరెందుకు? జారినవాడే కదా మన మనిషి. వాడి మొహం మీద మీరు తలుపేస్తున్నారు."

"మేడం, మీరు మనసుల్ని చూస్తారు. నేను నోళ్లు చూస్తాను," అనేవాడు. "కొన్ని నోళ్లు చూశాక మీ నెమ్మది నాకు పట్టదు."

కప్పు కడుక్కుని గదికి వెళ్లేదాన్ని.

నా పద్ధతి చాలా చప్పగా ఉంటుంది. ఉపన్యాసం ఉండదు, ఊపిరితిత్తుల బొమ్మ ఉండదు. ఎప్పుడు తీస్తావు, దానికి ముందు ఏం జరిగింది, చేతిలో ఇంకేముంది, పక్కన ఎవరున్నారు? ఇవే ప్రశ్నలు. అవసరమైతే నికోటిన్ గమ్. ఇక ఒకే ఒక్క షరతు: మళ్లీ ముట్టుకుంటే మర్నాడే వచ్చి చెప్పాలి. జారడం పాపం కాదు, సమాచారం. ఎక్కడ బురద ఉందో జారినవాడే చెప్పగలడు. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఇంతే.

నేను చెప్పదలచిన పిల్ల వచ్చింది వానాకాలం మొదట్లో. మా వైపు పల్లెదే, పత్తి పండించే ఇల్లు. పోలీసు భర్తీకి తయారవడానికి చంద్రపూర్‌లో మరో ఇద్దరు అమ్మాయిలతో గది తీసుకుని ఉంటోంది. తెల్లారి మైదానంలో పరుగు, పగలు చదువు. ఆ ఉద్యోగం వస్తే ఊళ్లో యూనిఫాం వేసుకున్న మొదటి ఆడపిల్ల తనే. రాకపోతే తిరిగి పత్తి చేలోకి.

"నేను సిగరెట్ తాగుత లేను మేడం," అంది కూర్చోగానే. "అస్సల్ ముట్ట. గిది ఉత్త మామిడిపండు వాసన."

"మరి నా దగ్గరికెందుకొచ్చినవ్? మామిడిపండ్ల దుకాణం చౌకుల ఉన్నది."

నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "ఉరుకుతుంటె ఊపిరి చాలుత లేదు. ముందుగాల నా ఎన్క వడ్డ పోరీలు గిప్పుడు నా ముంగట ఉరుకుతుర్రు."

"ఎవరు నేర్పిండ్రు?"

"మా ఖోలీల తాయి, గదిల పెద్దక్క. చదువుతుంటె నిద్ర రావొద్దు, బరువు పెరగొద్దు, ఆకలి గావొద్దు. అన్నిటికీ గిదే మందన్నది."

మానడానికి పనిచేసే పిల్ల అంటే అలా ఉండాలి. చెప్పింది చేసేది, చెయ్యలేనిది చెప్పేది. ఒకరోజు తలుపు దగ్గరే నిలబడి, "మేడం, నిన్న గుంజిన. తిట్టుర్రి," అంది.

"తిట్టేటందుకు మీ ఇంట్ల ఎవ్వరు లేరా? కూసో. ఎప్పుడు?"

"పొద్దుగాల. గ్రౌండ్ నుంచి వచ్చినంక."

అంతకు ముందుసారి జారిందీ గ్రౌండ్ నుంచి వచ్చాకే. ఇద్దరం కూర్చుని తవ్వితే తేలింది. పరుగు అయ్యాక కోచ్ అందరి ముందూ ఎవరికెంత టైం పట్టిందో గట్టిగా చదువుతాడు. వెనకబడ్డానని విన్న రోజే గదికి వెళ్లి తీస్తోంది. నిద్రా కాదు, ఆకలీ కాదు. సిగ్గు. సరే, టైం విన్నాక గదికి వెళ్లకుండా నేరుగా నా దగ్గరికి రమ్మన్నాను. వచ్చేది, చెమటతో. కోచ్‌ను పచ్చి మరాఠీలో తిట్టేది, గమ్ నమిలేది, పోయేది. చూస్తుండగానే మార్పు వచ్చింది. పరుగు కూడా దారిలో పడింది. నేను లోలోపల కొంచెం పొంగిపోయాను, ఆ మాట దాచను.

అప్పుడు ఎవరో బంధువుల కుర్రాడు ఆమె సంచిలో ఆ గొట్టం చూశాడు. ఊరికి ఫోన్ వెళ్లింది. మర్నాటి బస్సుకు తల్లి దిగింది. గదికి వెళ్తే "ఆసుపత్రికి పోయింది" అన్నారట. ఆసుపత్రి అనేసరికి ఆమె ప్రాణం పోయి, రొప్పుతూ నా గదిలోకి వచ్చింది. కూతురు నా ఎదుటే ఉంది.

"ఏందే ఇది? గంజాయా?"

"గంజాయి గాదవ్వ. మానుతున్న. మేడంను అడుగు."

నేను చెప్పాను. ఆమె మానే దారిలో ఉందని, చాలా మేలు కనిపిస్తోందని, ఇప్పుడు కొట్టొద్దు, ఊరికి తీసుకుపోవద్దు అని. తల్లి అంతా విన్నది. విని, కూతురి చెయ్యి పట్టుకుని తన నెత్తిమీద పెట్టుకుంది.

"నా మీద ఒట్టెయ్యి. మల్ల ముట్టనని."

"వద్దమ్మ," అన్నాను. "ఒట్టుతోటి గాదు పని."

"మీరు సదువుకున్నోళ్లు మేడం. మా తిప్పలు మీకేమెర్క? దీని నాయన ఖర్రా ఇడిచింది ఒట్టుతోనే."

"ఇడిచిండా?"

"మా ముంగట తింటలేడు," అంది.

ఆ క్షణంలో నాకు నవ్వు వచ్చింది, కోపం వచ్చింది. ఒట్టు చేసే పని ఇదేనమ్మా అని, అలవాటును చంపదు, గుమ్మం బయటికి పంపుతుందని, ఒట్టు అంతా వట్టి నమ్మకమని, నాకు వచ్చినంత వాదన వాదించాను. మా గొంతులు విని డాక్టర్ సాహెబ్ వచ్చాడు. తల్లి తల మీద కూతురి చెయ్యి చూసి ఆయన కళ్లు చెమర్చాయి. "ఇంతకంటే పెద్ద శపథ్ ఏముంటుంది? ఈసారి మన కార్యక్రమంలో ఈ అమ్మాయే మాట్లాడాలి," అన్నాడు. ఒకవైపు తల్లి, ఒకవైపు పెద్ద డాక్టరు. పిల్ల నా వంక చూసింది. తర్వాత కళ్లు మూసుకుని, "అవ్వ మీద ఒట్టు, ముట్ట," అంది.

ఆ రోజు నుంచి ఆమె నా గదికి రాలేదు.

ఫోన్ చేస్తే ఎత్తేది. "మస్తున్న మేడం. బిల్కుల్ బంద్," అనేది. ఎంత చక్కగా చెప్పేదంటే, వినగానే అబద్ధమని తెలిసిపోయేది. నిజంగా మానుతున్నవాళ్లు అంత శుభ్రంగా మాట్లాడరు. విసుక్కుంటారు, బేరాలాడతారు, నన్ను తిడతారు.

వానలు వెనకబట్టాక డెంగీ వచ్చింది. ఏటా వచ్చేదే. పై అంతస్తులో ఆడవాళ్ల వార్డు నిండి వరండాలో మంచాలు వేశారు. అదే వారంలో డాక్టర్ సాహెబ్ ప్రతిజ్ఞ కార్యక్రమం. పొద్దున్నే షామియానా వేస్తున్నారు, మైకులో "హలో, హలో" అంటున్నారు. నేను గది తాళం తీస్తుంటే ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది. మామిడిపండు వాసన.

"మా అవ్వ పైన వార్డుల ఉన్నది మేడం," అంది. "నా వల్లనే."

లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, పై వార్డు నర్సుకు ఫోన్ చేసి తల్లి సంగతి కనుక్కున్నాను. ఒట్టు వేసిన నాలుగో నాడే జారింది. కోచ్ టైం చదివాడు, నా దగ్గరికి రాలేకపోయింది. వస్తే చెప్పాలి, చెబితే ఒట్టు తప్పినట్టు ఒప్పుకోవాలి. తప్పిందని తెలిసినప్పుడల్లా భయం, భయం వేసినప్పుడల్లా ఆ గొట్టం. ముందుకన్నా ఎక్కువైంది. తల్లికి జ్వరం వచ్చి రక్తంలో కణాలు పడిపోతున్నాయని ఫోన్ వచ్చేసరికి ఆ పిల్లకు లెక్క తేలిపోయింది: ఒట్టు తప్పాను, అవ్వ పోతోంది. తల్లిని ఈ ఆసుపత్రికే తెచ్చాక, వార్డు స్నానాల గదిలోకి వెళ్లి అక్కడ కూడా తీసిందట. తీస్తూ ఏడ్చిందట. పరుగు పరీక్ష దగ్గరపడింది. పోనంటోంది. ఊరికి పోయి ఉంటానంటోంది.

"డెంగీ దోమతోటి వస్తది," అన్నాను.

"ఎర్కే మేడం. దోమ అందర్ని కుట్టింది. మా అవ్వకే ఎందుకొచ్చింది?"

"వార్డుల ఎంతమందున్నరో చూసినవా? వరండాల మంచం మీది ముసలామెకు పిల్లలే లేరు. ఆమె మీద ఎవరు ఒట్టు తప్పిండ్రు?"

ఆ వాదనకు మా నాన్న ఉంటే చప్పట్లు కొట్టేవాడు. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, తలూపి, "మీరు చెప్పేది ఖరంచ్, నిజమే మేడం. గని నా పాణం ఇంటలేదు," అంది.

జీవితమంతా ఎదుటివాడి నోరు మూయించే వాదన కోసం వెతికాను. ఆ పొద్దున దొరికింది. ఎదుటి మనిషి ఒప్పుకుంది కూడా. అయినా ఏమీ కదల్లేదు. అంత అలసట నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

ఇంతలో డాక్టర్ సాహెబ్ తలుపు తోశాడు. "ఆ అమ్మాయి వచ్చిందా? రెండో మాట ఆమెదే. పదండి."

"ఆమె మాట్లాడదు సాహెబ్."

"కార్యక్రమంలో పేరు చదివేశారు!"

"సంచిలో అది పెట్టుకుని వేదిక మీద ఏమని చెబుతుంది?"

ఆయన ఆ పిల్లను చూశాడు. కోపం రాబోయి ఆగిపోయింది. దవడ పట్టుకునేటప్పటి మెత్తదనం ఒక్కసారి మొహంలో కనిపించింది. "మీరెప్పుడూ నా కార్యక్రమం పాడుచేస్తారు," అని గొణిగి వెళ్లిపోయాడు.

"నువ్వు చెప్పవలసింది కిందున్నోళ్లకు గాదు," అన్నాను ఆ పిల్లతో. "పైన మీ అవ్వకు."

"సస్తది మేడం."

"సావదు. పొద్దుగాల డాక్టరు చూసిండు, కణాలు పెరుగుతున్నయి. నేను గూడ వస్త. నువ్వు చెప్పనిది నేను చెప్ప."

ఇద్దరం పైకి వెళ్లాం. తల్లి సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చునే ఉంది. కింద మైకులో మరాఠీలో ప్రతిజ్ఞ మొదలైంది, వందమంది గొంతులు ఒక్కటిగా. ఆ హోరులో పిల్ల మంచం పట్టె పట్టుకుని, తలవంచుకుని, మొత్తం చెప్పింది. వార్డు స్నానాల గది సంగతి కూడా.

తల్లి మొహం నల్లబడింది. "ఇన్నొద్దులు ఫోన్ల నాతో అబద్ధమాడినవా?"

పిల్ల తలూపింది.

"ఒట్టేసి గూడ?"

"ఒట్టేసినంకనే ఎక్కువైందవ్వ. నువ్వు సస్తవని..."

తల్లి కిటికీ వైపు మొహం తిప్పుకుంది. ఏం తలుచుకుందో నాకు తెలియదు. ఖర్రా దాచుకుని తినే భర్తను తలుచుకుందేమో. అప్పుడు నేను అడిగాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని ఎవరన్నా చెప్పి ఉంటే వాళ్లతో తెల్లవార్లూ వాదించేదాన్ని. మా వైపు ఒక ఆచారం ఉంది. ఒట్టు వేయించుకున్నవాళ్లే "ఒట్టు తీసి గట్టున పెట్టిన" అంటే ఆ ఒట్టు ఇక చెల్లదు. చిన్నపిల్లలు ఆటల్లో కూడా అంటారు.

"అమ్మా, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. అంత జ్వరంలోనూ చూపు పదునుగానే ఉంది. "ఆనాడు మీరే గద మేడం, ఒట్టు వట్టిదన్నరు? గిప్పుడు మీరే తీయమంటుర్రు? వట్టిదాన్ని తీసుడేంది?"

"నాకు వట్టిదే. నీ బిడ్డకు గాదు. దాని మెడల రాయి లెక్క ఉన్నది. కట్టింది నువ్వు, ఇప్పాల్సింది నువ్వే."

సెలైన్ లేని చేత్తో కూతురి చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "నా మీద వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టిన," అంది. తర్వాత తన సొంతంగా ఇంకొక మాట కలిపింది. అది ఏ ఆచారంలోనూ లేదు. "మల్ల ముడితే నాకే చెప్పు. ఒర్ర." ఒర్ర అంటే అరవను అని.

పిల్ల మంచం మీద తలవాల్చి ఏడ్చింది. వార్డంతా మమ్మల్నే చూస్తోంది. నేను వరండాలోకి వచ్చేశాను. కింద కార్యక్రమం అయిపోయింది. పెట్టె నిండిందని ఫోటోలు తీస్తున్నారు. సైకిల్ స్టాండ్ వెనక నలుగురు కుర్రాళ్లు, ప్రతిజ్ఞ బ్యాడ్జీలు చొక్కాకు అలాగే ఉండగా, వంతులవారీగా పుదీనా ఆవిరి వదులుతున్నారు.

హేతువాదిని. ఒక మూఢనమ్మకాన్ని ఇంకో మూఢనమ్మకంతో విప్పించానని స్నేహితులు ఇప్పటికీ దెప్పుతారు. దెప్పనివ్వండి. ఆ పిల్లను వదిలించింది గట్టున పెట్టిన మాట అని నేను అనుకోను. "నాకే చెప్పు, ఒర్ర" అన్న మాట. మొదటిది తాళం తీసింది, రెండోది తలుపు తెరిచింది. మొదటిది లేకుండానే రెండోది అనగలిగే తల్లిదండ్రులు పుట్టాలనే నా వాదన అంతా.

తల్లి కోలుకుని ఊరికి వెళ్లింది. పిల్ల మళ్లీ నా గదికి రావడం మొదలుపెట్టింది. పరుగు పరీక్షకు వెళ్లింది. ఆ సాయంత్రం ఫోన్ వచ్చింది.

"మేడం, గాలేదు. ఎన్క వడ్డ."

"ఊఁ."

"ఖోలీకొచ్చి ఒక్కసారి గుంజిన గూడ. అవ్వకు చెప్పిన."

"ఏమన్నది?"

"ఒర్రలే. మేడంకు చెప్పినవా అన్నది."

"రేపు పొద్దుగాల రా," అన్నాను.

వచ్చింది. పరీక్ష పోయిన మనిషి, అలవాటుకు మళ్లీ లొంగిన మనిషి, కళ్లు ఉబ్బిపోయి, అయినా వచ్చి కుర్చీలో కూర్చుంది. నా ఉద్యోగంలో నేను గెలిచానని చెప్పగలిగిన రోజు ఏదైనా ఉంటే అది అదే. ఆ తర్వాత చాలా నెలలకు గానీ అలవాటు పూర్తిగా పోలేదు. ఇప్పుడు పోయింది. తర్వాతి భర్తీకి ఉరుకుతోంది. ఈసారి వస్తుందో రాదో నాకు తెలియదు.

డాక్టర్ సాహెబ్ ఇంకా శపథ్‌లు చేయిస్తూనే ఉన్నాడు. నా కుర్చీలోకి ఇంకా ఎవరూ రాలేదు. మెట్ల కింద గదికి తాళం ఉందట. అంటే ఈ పని ఇప్పుడు మీ మీద పడింది.

లేవండి. మీ పిల్లల దగ్గరికి వెళ్లండి. వాళ్ల చేత వేయించుకున్న ఒట్టు ఏదైనా ఉంటే ఈ పూటే రద్దు చేయండి. "మళ్లీ ముట్టుకున్న రోజు ముందు నాకే చెప్పు, తిట్టను" అని మీరు మాట ఇవ్వండి. వాళ్లు వచ్చి చెప్పిన రోజు నోరు మూసుకుని, చివరిదాకా వినండి.